నల్లగండ్ల కుక్కలకు ఇంద్రియ వ్యాయామాలు: ఆధారాలు ఎంతవరకు?

హైదరాబాద్ శివార్లలోని నల్లగండ్ల, గోపనపల్లి, తెల్లాపూర్ వైపు పొద్దున ఆరింటికి ఏ గేటెడ్ కమ్యూనిటీ నడక దారి చూసినా లాబ్రడార్లు, బీగిల్‌లు, షిట్జూలు, వీధి నుంచి తెచ్చి పెంచుకుంటున్న ఇండీ కుక్కలు కనిపిస్తాయి. వాటిని పెంచేవాళ్ళ బాధలు ఇంచుమించు ఒకే రకంగా ఉంటాయి. ఇంట్లో ఎవరూ లేకపోతే కుక్క గంటల తరబడి మొరుగుతుంది, పక్క ఫ్లాటు వాళ్ళు అసోసియేషన్‌కి ఫిర్యాదు చేస్తారు. లిఫ్టులో ఇంకో కుక్క ఎదురైతే మీదికి దూకుతుంది. దీపావళి రాత్రి బాత్రూంలో దూరి వణుకుతుంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు కుదురుగా ఉంచమంటే ఆరు నిమిషాలు ఉండదు. వీటన్నిటికీ ఈమధ్య ఒకే పరిష్కారం పేరు వినిపిస్తోంది, ‘సెన్సరీ వ్యాయామాలు’ అని. కుక్క ముక్కుకీ పాదాలకీ పని చెబితే మనసు కుదుటపడుతుందని, ఒళ్ళు త్వరగా కోలుకుంటుందని శిక్షకులు చెబుతున్నారు. ఈ మాటలో ఎంత నిజముందో, ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాలు ఎంతవరకు బలపరుస్తున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక విషయం విడదీసుకోవాలి. ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది ముక్కుతో చేసే పని: గదిలో నాలుగైదు చోట్ల తిండి ముక్కలు దాచి వెతకనివ్వడం, నడకలో కుక్క ఆగినచోట మనమూ ఆగి వాసన చూడనివ్వడం. రెండోది పాదాలతో, కీళ్ళతో చేసే పని: గోనెపట్ట, రబ్బరు మ్యాట్, ఇసుక, గడ్డి, కాస్త ఎత్తు పలక, నేలమీద వరసగా పెట్టిన కర్రలు, వీటి మీదుగా నెమ్మదిగా నడిపించడం. మూడోది చుట్టుపక్కల వాతావరణాన్ని మార్చడం: సంగీతం పెట్టడం, లావెండర్ లాంటి వాసనలు గదిలో పరచడం. బ్రిటన్‌లో సారా ఫిషర్ ప్రచారంలోకి తెచ్చిన ‘ఫ్రీ వర్క్’ పద్ధతి మొదటి రెండింటినీ కలుపుతుంది. రకరకాల నేలలు, ఎత్తులు, వాసనలు ఒకచోట అమర్చి, లీష్ లాగకుండా కుక్కను దాని ఇష్టానికి తిరగనిచ్చి, అది ఏ కాలి మీద బరువు వేస్తోంది, ఎటు తిరగడానికి వెనకాడుతోంది అని మనుషులు గమనిస్తారు. గమనించే పద్ధతిగా అది నాకు నచ్చుతుంది. కానీ ఈ మూడు రకాల పనులకూ ఉన్న ఆధారాల బలం సమానంగా లేదు. ఒకదానికి దొరికిన రుజువును ఇంకోదానికి తగిలించడం వల్లే చాలా ప్రచారం దారి తప్పుతోంది.

ముక్కు గురించి తెలిసింది

కుక్క గాలి లోపలికి లాగినప్పుడు అది ముక్కులో రెండు పాయలవుతుంది. ఒక పాయ ఊపిరితిత్తులకు పోతుంది. రెండోది ముక్కు వెనక భాగంలో వాసన కణాలున్న అరలోకి చేరి అక్కడ నింపాదిగా తిరుగుతుంది. బయటికి వదిలే గాలి ముక్కుపుటాల పక్క చీలికల గుండా వెనక్కీ పక్కకీ పోతుంది కాబట్టి కొత్తగా వచ్చే వాసన చెదిరిపోదు. క్రేవెన్, పాటర్సన్, సెటిల్స్ అనే అమెరికన్ పరిశోధకులు 2010లో ఈ గాలి దారిని కంప్యూటర్ నమూనాతో వివరించారు. 2022లో కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం 23 కుక్కల మెదళ్ళను ఎమ్మారై పద్ధతిలో పరిశీలించి, వాసనను గ్రహించే భాగం నుంచి చూపుకు సంబంధించిన వెనక భాగం దాకా నరాల దారులున్నాయని చూపించింది. అంతకు ముందు గ్రెగరీ బెర్న్స్ బృందం మెలకువగా ఉన్న 12 కుక్కలకు రకరకాల వాసనలు చూపించి స్కాన్ చేసింది. తమకు తెలిసిన మనిషి వాసన తగిలినప్పుడు, మంచి ఏదో దొరకబోతోందన్న ఆశకు సంబంధించిన మెదడు భాగం అన్నిటికన్నా ఎక్కువగా స్పందించింది.

ఇవి అబ్బురపరిచే సంగతులే. అయితే ఇవి నిర్మాణం గురించీ స్పందన గురించీ చెప్పేవి. మెదడులో దారి ఉన్నంత మాత్రాన ఆ దారిన వైద్యం నడుస్తుందని తేలదు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు విడిచిన చొక్కా కుక్క దగ్గర పడేసి వెళ్తే ఏడుపు తగ్గుతుందన్న సలహా బెర్న్స్ ప్రయోగం నుంచే పుట్టినట్టు చెబుతారు గానీ, ఆ ప్రయోగం పరీక్షించింది ఆ విషయాన్ని కాదు.

ముక్కుకు పని నేర్పడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. నల్లగండ్లకు దక్షిణాన మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసుల ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది. పేలుడు పదార్థాలు, మత్తుమందులు పసిగట్టడానికీ, నేరస్థుల జాడ పట్టడానికీ కుక్కలకూ, వాటిని నడిపే హ్యాండ్లర్లకూ అక్కడ కలిపి శిక్షణ ఇస్తారు. మద్యనిషేధం అమల్లో ఉన్న బీహార్ నుంచి వచ్చిన పోలీసు కుక్కలు మద్యం వాసన పట్టడం నేర్చుకున్నదీ అక్కడే. వాసన వెతుకులాటను మెట్టుమెట్టుగా నేర్పవచ్చని, ప్రతి మెట్టులోనూ కుక్కకు నచ్చిన బహుమతి ఉండాలని చెప్పడానికి మొయినాబాద్ మనకు దగ్గరి ఉదాహరణ. కానీ అవి చురుకుదనం, ధైర్యం చూసి ఎంపిక చేసిన కుక్కలు. భయపడే కుక్కకు వాసన పని వల్ల భయం పోతుందనడానికి వాటిని సాక్ష్యంగా తీసుకోలేం.

ప్రవర్తన మీద ఏం తేలింది

ఈ విషయంలో అందరూ ఎత్తిచూపే అధ్యయనం 2019లో వచ్చింది. షార్లెట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 20 పెంపుడు కుక్కలను తీసుకున్నారు. గదిలో ఒక పక్క పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుందని, ఇంకో పక్క గిన్నెలో ఎప్పుడూ ఉండదని ముందు వాటికి నేర్పారు. తర్వాత గిన్నెను ఆ రెండింటికీ మధ్యలో పెట్టారు. కుక్క దాని దగ్గరికి చప్పున వెళ్తే మంచి జరుగుతుందన్న ఆశతో ఉన్నట్టు, తటపటాయిస్తే లేనట్టు లెక్క. ఆ పరీక్ష అయ్యాక సగం కుక్కలు రెండు వారాలపాటు రోజూ ఇంట్లో వాసన వెతుకులాట చేశాయి. మిగిలిన సగం అన్నాళ్ళూ యజమాని పక్కనే క్రమశిక్షణగా నడవడం సాధన చేశాయి. మళ్ళీ పరీక్ష పెడితే వాసన పని చేసిన కుక్కలు మధ్య గిన్నె దగ్గరికి మునుపటి కన్నా త్వరగా వెళ్ళాయి. రెండో గుంపులో మార్పు లేదు.

ఈ ప్రయోగానికున్న బలం పోలికలో ఉంది. రెండు గుంపులకూ యజమాని సాంగత్యం దొరికింది, తిండి బహుమతి దొరికింది. తేడా ఏమిటంటే ఒక గుంపు తన ముక్కు వాడుకుని తనే నిర్ణయించుకుంది, ఇంకోటి మనిషి చెప్పినట్టు నడిచింది. అయితే దాని పరిమితులు కూడా చెప్పుకోవాలి. కుక్కలు 20 మాత్రమే. అవి ప్రవర్తన సమస్యలున్నవని ఎంపిక చేసినవి కావు. మొరుగుడు తగ్గిందా, కరవడం తగ్గిందా అని అక్కడ కొలవలేదు. పైగా పరీక్షలో చేయవలసింది కూడా తిండి గిన్నె దగ్గరికి వెళ్ళడమే కనుక, రెండు వారాలు తిండి వెతకడం అలవాటైన కుక్కకు చొరవ పెరగడం కూడా ఒక కారణమై ఉండవచ్చు. అది మనసు తేలికపడటమో, వెతకడంలో ఆరితేరడమో ఈ ఒక్క పరీక్ష విడదీసి చెప్పలేదు. అయినా నా అంచనాలో ఈ రంగంలో దొరికిన మంచి ఆధారాల్లో ఇదొకటి. ఎందుకంటే ఇది ఇంట్లో యజమానులే మామూలు కుక్కలతో చేసిన పని. నల్లగండ్ల ఫ్లాటులో జరిగేదానికి ఇది దగ్గరగా ఉంది.

గదిలో వాసనలు పరచడం మీద జరిగిన పరిశోధన ఎక్కువగా అనాథ కుక్కల ఆశ్రయాల్లోది. బెల్‌ఫాస్ట్‌లో గ్రాహం, వెల్స్, హెప్పర్ 2005లో 55 కుక్కలకు నాలుగు వాసనలు చూపించారు. లావెండర్, చామంతి జాతికి చెందిన కామొమైల్ ఉన్నప్పుడు కుక్కలు ఎక్కువ సేపు పడుకున్నాయి, తక్కువ మొరిగాయి. రోజ్‌మేరీ, పుదీనా జాతి పెప్పర్‌మింట్ ఉన్నప్పుడు ఎక్కువ తిరిగాయి, ఎక్కువ అరిచాయి. అంటే వాసన అనేది ఏదైనా మంచిదే అనుకోవడానికి వీల్లేదు. సంగీతం సంగతీ అంతే. 2002లో అదే బెల్‌ఫాస్ట్‌లో 50 కుక్కల మీద చేసిన పరిశీలనలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినిపించినప్పుడు అవి విశ్రాంతిగా ఉన్నాయి, హెవీ మెటల్ పెడితే మొరుగుడు పెరిగింది. కానీ 2015లో స్కాట్లాండ్‌లో బోమన్ బృందం చూసినప్పుడు ఒకే సంగీతం రోజూ పెడితే దాని ప్రభావం త్వరలోనే పలచబడింది. ఆశ్రయంలో ఇనుప కటకటాల మధ్య, పదుల కుక్కల గోల మధ్య ఉన్న కుక్కకు కలిగిన ఊరట, పదో అంతస్తులో సోఫా మీద పడుకునే కుక్కకు అంతే కలుగుతుందని చెప్పలేం.

తిండి దాచిన బొమ్మల విషయంలో 2014లో మెఘన్ హెరాన్ బృందం 107 ఆశ్రయ కుక్కలతో చేసిన అధ్యయనం ఉంది. తిండి నింపిన బొమ్మ ఇవ్వడం, దానితోపాటు గది ముందు మనిషి కనిపించినప్పుడు నెమ్మదిగా ఉండటం నేర్పడం, రెండూ కలిపి చేస్తే ఎగబడటం తగ్గింది, కుదురుగా ఉండటం పెరిగింది. బొమ్మ ఎంత పని చేసింది, శిక్షణ ఎంత పని చేసింది అన్నది మాత్రం అందులో కలిసే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా ఉండే ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా పనికొచ్చే ఫలితం ఒకటి 2024లో వచ్చింది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో 18 కుక్కలకు ఒత్తిడిలో ఉన్న అపరిచితుల చెమట, ఊపిరి వాసన చూపించి, పైన చెప్పినటువంటి గిన్నె పరీక్ష పెట్టారు. ఒత్తిడి వాసన తగిలినప్పుడు, తిండి ఉండకపోవచ్చనిపించే చోటికి వెళ్ళడానికి అవి మరింత తటపటాయించాయి. చిన్న అధ్యయనమే. అయినా డెడ్‌లైన్ నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి పది నిమిషాల్లో కుక్కకు ‘సెషన్’ ముగించేయాలనుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించవలసిన ఫలితం. మన హడావుడిని కుక్క పసిగడుతుంది.

ఇండీ కుక్కల గురించి మన దేశంలో జరిగిన పని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కోల్‌కతా ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తోంది. మాంసం వాసన వచ్చేదాని వైపే అవి ముందు మొగ్గుతాయని, ముక్కునే తూకంగా వాడుకుని చెత్తలో తిండి ఏరుకుంటాయని వాళ్ళ ప్రయోగాలు చూపించాయి. 2014లో వచ్చిన ఇంకో వ్యాసంలో, వీధి కుక్కలు చూసిన సమయంలో ఇంచుమించు సగం ఏ పనీ లేకుండా విశ్రాంతిగా ఉంటాయని తేలింది. దీన్నిబట్టి నాకు తోచేది ఇది: వీధి నుంచి ఫ్లాటుకు వచ్చిన కుక్కకు తక్కువైంది పరుగు కాకపోవచ్చు. ఎక్కడ ఆగాలో, ఏది వాసన చూడాలో తనే ఎంచుకునే వీలు తక్కువైంది. ఇది నా ఊహ, రుజువైన విషయం కాదు.

ఇక ‘20 నిమిషాల వాసన గంట నడకతో సమానం’ అన్న లెక్క గురించి. ఇది చాలా చోట్ల వినిపిస్తుంది. ఇది కొలిచి తేల్చిన లెక్క కాదు. ఊబకాయం వచ్చిన లాబ్రడార్‌కి ఈ లెక్క చెప్పి నడక మాన్పిస్తే దాని కీళ్ళకే నష్టం.

ప్రవర్తన అదుపు తప్పిందని శిక్షకుణ్ణి పిలిచే ముందు చేయవలసింది ఇంకోటుంది. డేనియల్ మిల్స్, ఆయన సహచరులు 2020లో తమ దగ్గరికి వచ్చిన ప్రవర్తన సమస్యల కేసులను సమీక్షించి, తక్కువలో తక్కువ మూడో వంతు కేసుల్లో ఏదో ఒక నొప్పి ఉందని, కొన్నిచోట్ల అది 80 శాతానికి దగ్గరగా ఉందని రాశారు. 2018లో వచ్చిన ఇంకో పరిశీలనలో, చప్పుళ్ళకు భయపడే 20 కుక్కలను తీసుకుని, కండరాల, ఎముకల నొప్పి ఉన్న సగాన్ని లేని సగంతో పోల్చారు. నొప్పి ఉన్న కుక్కల్లో చప్పుడంటే భయం వయసు పెరిగాక మొదలైంది. నొప్పికి మందు పడ్డాక పరిస్థితి మెరుగైంది. నడివయసులో ఉన్నట్టుండి టపాసులకు భయపడటం మొదలెట్టిన కుక్కకు ముందు కావలసింది వెటర్నరీ డాక్టర్ చెయ్యి. మారిన ప్రవర్తన వెనక దాగిన నొప్పిని వదిలేసి వాసన ఆటలు ఆడించడం దానికి అన్యాయం చేయడమే.

కాలు, వెన్ను కోలుకోవడం

కుక్క తన పాదం ఎక్కడుందో చూడకుండానే తెలుసుకుంటుంది. కండరాల్లో, కీళ్ళలో, చర్మంలో ఉన్న గ్రాహకాలు క్షణక్షణం మెదడుకు ఆ కబురు పంపుతుంటాయి. ఆపరేషన్ తర్వాతో, వెన్నుపూసల మధ్య డిస్క్ జారాకో ఆ కబురు మందగిస్తుంది. పాదం వెనక్కి మడిచి ఈడ్చుకుంటూ నడవడం అందుకే. వేర్వేరు నేలల మీద నడిపించడం, కర్రలు దాటించడం వెనకున్న తర్కం ఆ కబురు వ్యవస్థకు మళ్ళీ పని పెట్టడం. కర్ర దాటాలంటే కాలు మామూలు కన్నా ఎత్తాలి, కీలు మరింత వంగాలి, ఎక్కడ వేయాలో చూసి వేయాలి. తర్కం బాగానే ఉంది. ఫలితాలు మాత్రం కలగాపులగంగా ఉన్నాయి.

మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయిన 51 కుక్కలను 2002లో మార్సొలే బృందం పోల్చింది. కొన్నిటికి పునరావాస వ్యాయామాలు, ఈత చేయించారు. మిగతావాటిని కదలకుండా కట్టడి చేశారు. ఆరు నెలల తర్వాత వ్యాయామం చేసిన కుక్కలు ఆ కాలి మీద ఎక్కువ బరువు మోపగలిగాయి. 2006లో ఆస్ట్రేలియాలో 8 కుక్కల మీద జరిగిన చిన్న అధ్యయనంలో కూడా త్వరగా మొదలెట్టిన ఫిజియోథెరపీ వల్ల తొడ కండరం, మోకాలి కదలిక మెరుగ్గా ఉన్నాయి. అదే ఏడాది స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫలితం అన్నిటికన్నా ఆశ కలిగించేది. వెన్నుపాము క్షీణించే జబ్బు ఉందని అనుమానించిన 22 కుక్కల్లో రోజూ తీవ్రంగా వ్యాయామం చేసినవి సగటున 255 రోజులు, ఓ మోస్తరుగా చేసినవి 130 రోజులు, చేయనివి 55 రోజులు బతికాయి. అయితే ఏ కుక్క ఏ గుంపులో ఉండాలో చీటీ తీసి నిర్ణయించలేదు. ఎక్కువ శ్రద్ధ పెట్టగల కుటుంబాలే ఎక్కువ వ్యాయామం చేయించి ఉంటాయి, వాళ్ళే కుక్కను చివరిదాకా అట్టిపెట్టుకుని ఉంటారు. ఆ తేడా ఎంతో ఈ అంకెల్లోంచి బయటికి తీయలేం.

చీటీ తీసి, చూసేవాళ్ళకు గుంపు తెలియకుండా చేసిన పరీక్ష 2018లో అమెరికాలో నార్త్ కరోలినా నుంచి వచ్చింది. డిస్క్ జారి వెన్ను ఆపరేషన్ అయిన 30 కుక్కల్లో సగానికి రెండు వారాలు మామూలు వ్యాయామాలు, సగానికి తీవ్రమైన వ్యాయామాలు చేయించారు. కోలుకునే వేగంలో గానీ స్థాయిలో గానీ తేడా రాలేదు. తీవ్ర వ్యాయామం హాని చేయలేదు, అదనపు మేలూ చూపలేదు. వెన్ను విషయంలో ఎవరైనా ఖాయంగా నయమవుతుందని హామీ ఇస్తే ఈ ఒక్క ఫలితాన్ని గుర్తు పెట్టుకుంటే చాలు.

పైవన్నీ పాదాలు, కండరాలకు సంబంధించిన అధ్యయనాలు. వాసన పని వల్ల ఎముక త్వరగా అతుకుతుందనో నరం త్వరగా కోలుకుంటుందనో వీటిలో ఏదీ చెప్పడం లేదు. వాసన పనికి ఇక్కడ స్థానం వేరు. కుక్కను గదిలోనో బోనులోనో కదలకుండా ఉంచవలసిన వారాల్లో దానికి ఏదో ఒక వ్యాపకం కావాలి. అడుగు వేయకుండా తల మాత్రం కదిలించి చేయగల పనుల్లో వాసన వెతుకులాట ఒకటి. గుడ్డ పీలికల మ్యాట్‌లో రోజువారీ తిండిలోంచే కొంత తీసి దాచి ముందు పెట్టవచ్చు. ఇది సమంజసమైన సలహా, కానీ ప్రయోగంతో తేల్చిన సలహా కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలామంది చెప్పనిది. నిలబడిన కుక్క ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది. తల నేలకు దించితే ఆ భారం ఇంకా ముందుకు జరుగుతుంది. వెనక కాలి ఆపరేషన్ అయిన కుక్క తల దించి వాసన చూస్తుంటే జబ్బు కాలి మీది భారం తగ్గుతుంది. మొదటి రోజుల్లో అది సుఖమే, తర్వాత ఆ కాలిని బలపరచవలసిన దశలో మాత్రం అదే పని అడ్డం వస్తుంది. మోచేతి కీలు నొప్పి ఉన్న కుక్కకూ, మెడ దగ్గర డిస్క్ సమస్య ఉన్న కుక్కకూ నేలమీది వెతుకులాట మొదటి నుంచే సరిపడకపోవచ్చు. తిండిని నేలమీద దాచాలా, ఛాతీ ఎత్తులో స్టూలు మీద పెట్టాలా అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

చూసే కళ్ళ మీద నమ్మకం

ఈ రంగంలో చాలా ఫలితాలు యజమాని మాట మీద ఆధారపడతాయి. అది ఎంత జారుడు నేలో 2012లో కాన్జెమియస్, ఎవాన్స్ చూపించారు. కీళ్ళ నొప్పితో కుంటుతున్న 58 కుక్కలకు మందు లేని మాత్రలు ఇచ్చారు. కుక్క కాలు ఎంత బరువు మోపుతోందో యంత్రంతో కొలిస్తే మార్పు లేనప్పుడు కూడా, సగానికి పైగా సందర్భాల్లో యజమానులు బాగుపడిందనే అన్నారు. పశువైద్యులూ పదింట నాలుగుసార్ల దాకా అలాగే పొరబడ్డారు. 2017లో గ్రూయెన్ బృందం కాలి ఆపరేషన్ తర్వాత కుక్కలు నెమ్మదిగా ఉండటానికి ట్రాజొడోన్ మందు ఇచ్చి 29 కుక్కలను చూసినప్పుడు, మందు తీసుకున్నవాటికీ ఉత్తి మాత్రలు తీసుకున్నవాటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందుకే ఇలాంటి పరీక్ష తప్పనప్పుడు వ్యాయామానికి మినహాయింపు ఎందుకుండాలి?

డబ్బు కట్టి కోర్సులో చేరే ముందు ఎవరికి వాళ్ళు ఇంట్లోనే కొంత కొలత పెట్టుకోవచ్చు. వ్యాయామం మొదలుపెట్టకముందు ఒక వారం, తర్వాత రెండు మూడు వారాలు, ఒకే సమయంలో ఒకే చోట ఫోన్‌తో వీడియో తీయాలి. కుక్క ఒంటరిగా ఉన్నప్పుడు అరగంటలో ఎన్నిసార్లు మొరిగిందో, పడుకున్న చోటు నుంచి లేవడానికి ఎంత సేపు పట్టిందో అంకెల్లో రాసుకోవాలి. ఏ వీడియో ఏ వారానిదో చెప్పకుండా ఇంకొకరి చేత లెక్కపెట్టిస్తే ఇంకా మంచిది. అంకె కదలకపోతే పద్ధతి మార్చాలి.

ఈ చుట్టుపక్కల చేయాలంటే

పరదేశీ వీడియోల్లో పచ్చిక, చెక్క నేల, చల్లని గాలి ఉంటాయి. ఇక్కడ ఇళ్ళలో గ్రానైట్, నున్నటి టైల్స్. కోలుకుంటున్న కుక్కకు ఇంట్లో మొదటి శత్రువు ఆ నేల. వెనక కాళ్ళు రెండు పక్కలకు జారిపోతే ఆపరేషన్ చేసిన కీలు దెబ్బతింటుంది. వ్యాయామం సంగతి తర్వాత, ముందు తిండి గిన్నె నుంచి పడక దాకా, పడక నుంచి గుమ్మం దాకా జారని దారి వేయాలి. రబ్బరు మ్యాట్లు, పాత యోగా మ్యాట్లు, కింద జారకుండా అతికించిన గోనెపట్టలు సరిపోతాయి. పాదాల మధ్య వెంట్రుకలు, గోళ్ళు కత్తిరించాలి. దాటడానికి కర్రలు పెడితే మొదట నేలకు ఆనించే పెట్టాలి. నీలం, పసుపు రంగు టేపు చుడితే కుక్కలకు బాగా కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ వాటికి విడిగా తెలియవు.

ఎండ రెండో సమస్య. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో తారు రోడ్డు, పేవర్ రాళ్ళు సాయంత్రం దాకా కాలుతూనే ఉంటాయి. అరచేతి వెనక వైపు కొన్ని సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు. రొప్పే కుక్క సరిగా వాసన కూడా పట్టలేదు. పేలుడు పదార్థాలు వెతికే కుక్కలు శ్రమతో రొప్పుతున్నప్పుడు వాటి పట్టు తగ్గుతుందని ఇజ్రాయెల్‌లో గాజిత్, టెర్కెల్ 2003లోనే చూపించారు. వేసవిలో వాసన ఆట తెల్లవారుజామున, లేదంటే ఇంట్లో ఫ్యాను కిందే.

ఇంట్లో వాడే వాసనల విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. కలరా ఉండలు, కర్పూరం కుక్కలకు విషం. అవి ఉన్న అలమారా దగ్గర తిండి దాచవద్దు. సుగంధ తైలాలను నేరుగా ఒంటికి రాయవద్దు, మూసిన గదిలో డిఫ్యూజర్ పెట్టి కుక్కను బంధించవద్దు, అది లేచి వెళ్ళిపోయే దారి ఉండాలి. టీ ట్రీ నూనె వల్ల విషప్రభావానికి గురైన 443 కుక్కలు, పిల్లుల కేసులను 2014లో అమెరికాలో ఒక సమీక్ష నమోదు చేసింది. ఉల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ కలిపిన తీపి పదార్థాలు బహుమతిగా పనికిరావు. ఉడికించిన చికెన్ తునకలో, వాడుక తిండి గింజలో చాలు. కొబ్బరి పీచు నమిలి మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. మనిషి దగ్గరుండి చూస్తున్నప్పుడే ఇవ్వాలి. ఒకే ఇంట్లో రెండు కుక్కలుంటే తిండి దాచే ఆట విడివిడిగా ఆడించాలి, లేకపోతే అక్కడే కొట్లాట మొదలవుతుంది.

బయట వాసన చూపించడానికి చోటు ఎక్కడ? 2018లో నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ కొండాపూర్‌లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. కానీ కొత్త కుక్కలంటే బెదిరే కుక్కకూ, కుట్లు ఆరని కుక్కకూ అలాంటి చోటు పనికిరాదు. నల్లగండ్ల చెరువు వైపు గట్లు, ఖాళీ స్థలాల అంచులు వాసనలకు సంపన్నమైనవే గానీ, పొడవాటి లీష్ తప్పనిసరి. తిరిగొచ్చాక చెవులు, వేళ్ళ సందులు వెతికి పిడుదులు ఏరాలి. టిక్ ఫీవర్ మన దగ్గర మామూలు జబ్బు, కోలుకుంటున్న కుక్కను అది మళ్ళీ మంచం పట్టిస్తుంది. పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలో చుక్కల దుప్పులు, నెమళ్ళు తిరుగుతాయి. ఆ దిక్కున కుక్కను వదిలేయడం వాటికీ ప్రమాదమే.

పండగ చప్పుళ్ళ సంగతి వేరు. ఫిన్లాండ్‌లో దాదాపు 13,700 కుక్కల యజమానులను అడిగితే మూడో వంతు దాకా కుక్కలకు చప్పుళ్ళంటే భయం ఉందని 2020లో తేలింది. టపాసులు పేలుతున్నప్పుడు తిండి వెతకమంటే బాగా భయపడే కుక్క తిండే ముట్టదు. వాసన పని భయం లేని రోజుల్లో అలవాటు చేయాల్సింది. వినాయక నిమజ్జనానికో దీపావళికో వారం ముందు మొదలుపెట్టి ఫలితం ఆశించకూడదు. భయం తీవ్రంగా ఉంటే మందుల గురించి డాక్టర్‌ని ముందే అడగాలి.

మనుషుల మీద ఎగబడి కరిచిన చరిత్ర ఉన్న కుక్క విషయంలో మూతిపట్టీ, వైద్య పరీక్ష, అనుభవమున్న ప్రవర్తన నిపుణుల పర్యవేక్షణ తర్వాతే ఇవన్నీ. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ళ పిల్లవాడు చనిపోయాక ఈ నగరంలో కుక్కంటేనే గుండె ఝల్లుమనే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ‘సెన్సరీ చేయిస్తున్నాం, ఏమీ చేయదు’ అని లిఫ్టులో భరోసా ఇచ్చే హక్కు మనలో ఎవరికీ లేదు.

నా తీర్పు ఇది. వాసన వెతుకులాట కుక్క మనఃస్థితిని కొంత మెరుగుపరుస్తుందనడానికి చిన్నదే అయినా నమ్మదగిన ఆధారం ఉంది. ఖర్చు లేదు, సరిగా చేస్తే హాని తక్కువ. చేయించండి. పాదాలకు, కీళ్ళకు చేసే వ్యాయామాలు మోకాలి ఆపరేషన్ తర్వాత పనికొస్తాయి, డాక్టర్ వేసిన ప్రణాళికలో భాగంగా మాత్రమే. వెన్ను జబ్బుల్లో ఫలితం ఇంకా తేలలేదు. వాసనలు, సంగీతం గదిలో పరచడం మీద డబ్బు పెట్టేంత ఆధారం ఇళ్ళలోని కుక్కలకు లేదు.

పై పరిశోధనల్లో పెంపుడు కుక్కల మీద జరిగినవన్నీ పరాయి దేశాలవి. చాలావరకు చల్లటి ఊళ్ళలో, వేరే నేలల మీద, వేరే జీవన పద్ధతిలో ఉన్న కుక్కల మీద జరిగినవి. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. నల్లగండ్ల చుట్టూ ఒకే రకం ఫ్లాట్లలో, ఒకే రకం పనివేళల మధ్య పెరుగుతున్న కుక్కలు, వీడియో తీసి లెక్కలు రాయగల యజమానులు ఉన్నారు. ఓ 40 కుక్కలను తీసుకుని చీటీ తీసి రెండు గుంపులు చేసి, ఒకదానికి రెండు వారాలు వాసన పని, ఇంకోదానికి అంతే సేపు లీష్ నడక ఇచ్చి, తర్వాత మార్చి, వీడియోలను గుంపు తెలియనివాళ్ళ చేత లెక్కపెట్టిస్తే పెద్ద ఖర్చు లేకుండా తెలుగునేల మీదే జవాబు దొరుకుతుంది. విశ్వవిద్యాలయం ఈ అధ్యయనాన్ని చేపట్టాలని, ఈ ప్రాంతంలోని నివాసుల సంఘాలు తమ కుక్కలతో దానికి ముందుకు రావాలని కోరుతున్నాను.